పన్నెండు చుక్కల బిళ్ళ

అరకు వచ్చిన రెండో ఏడాదికి నాకు అసూయ కలిగించేవి నాలుగైదు పోగయ్యాయి. అన్నీ ఒకే మనిషివి. అతని జీపు, అతని తుడుము వాయింపు, చొక్కా పై రెండు గుండీలు పెట్టుకోకపోయినా ఎవరూ ఏమీ అనకపోవడం, ఏ అరుగు మీద కూర్చున్నా ఎవరో ఒకరు టీ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టడం. వీటన్నిటినీ భరించగలిగాను. భరించలేనిది ఒక పిలుపు. మా కాఫీ షెడ్డులో శాంపిల్ గింజలు వేయించే అమ్మాయి అతన్ని బావా అని పిలిచేది. నన్ను సార్ అనేది.

నిజంగానే బావ. ఆమె మేనత్త కొడుకు. పర్యాటకులను గుహలకీ జలపాతాలకీ తిప్పే జీపు నడుపుతాడు. ఆమె అతన్ని తిట్టేది, వీపు మీద చరిచేది, అతను తింటున్న పకోడీల పొట్లంలోంచి అడక్కుండా తీసుకునేది. నేను గదిలోకి వెళ్తే మాత్రం స్టూలు మీంచి లేచి నిలబడేది. మర్యాద అంత దూరం పెట్టగలదని నాకు అప్పుడే తెలిసింది.

మాది సాలూరు, లారీల ఊరు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లమో చదివి ఈ షెడ్డులో యంత్రాలు చూసుకునే పనికి వచ్చాను. పండు తొక్క ఒలిచే యంత్రం, గింజలు ఆరబెట్టే డ్రమ్ము, పొట్టు తీసే హల్లరు, వాటి బెల్టులు, బేరింగులు, మోటార్లు. ప్రతిదానికీ ఒక కొలత, ఒక గడువు ఉంటుంది. నాకు అలా ఉంటేనే బాగుంటుంది. నాణేలు పోగుచేయడం కూడా అలాగే మొదలుపెట్టాను. దొరికిన ప్రతిదీ కాదు, నక్షత్రం ఉన్నవే. స్క్రూలు పెట్టుకునే అరల డబ్బా కొని, నక్షత్రానికి ఎన్ని కోణాలుంటే ఆ వరసలో సర్దాను. వెర్నియర్‌తో వ్యాసం కొలిచి, కింద చిన్న చీటీ అంటించాను.

ఒక రోజు వర్షానికి కరెంటు పోయి యంత్రాలన్నీ ఆగిపోతే, ఆ డబ్బా తీసుకుని వేయింపు గదికి వెళ్ళాను. ఆమెకి చూపించాలనే వెళ్ళాను. వంక మాత్రం మూత బిగుసుకుపోయింది, చిన్న స్క్రూడ్రైవరు ఉందా అని.

"ఏటి సార్ ఇది, మోటారు సామానా?"

"నాణేలు. అన్నిటి మీదా నక్షత్రాలున్నాయి."

"చుక్కలా?" స్టూలు దగ్గరికి లాక్కుంది. "డబ్బుల మీద చుక్కలెందుకు సార్? రాజో దేవుడో ఉండాల గాని."

ఆ ప్రశ్న కోసం నేను ఎన్నాళ్ళుగానో ఎదురు చూస్తున్నాను. ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టి చెప్పాను. సోవియట్ కోపెక్ మీద సుత్తీ కొడవలికి పైన ఐదు కోణాల నక్షత్రం, కష్టజీవి చేతికున్న ఐదు వేళ్ళని కొందరు, ఐదు ఖండాలని కొందరు. టర్కీ నాణెం మీద నెలవంక ఒళ్ళో నక్షత్రం. పాకిస్తాన్‌లో నెలవంక ముందడుగుకీ, నక్షత్రం వెలుగుకీ చదువుకీ గుర్తు. సింగపూర్ నెలవంక మీద ఐదు చిన్న నక్షత్రాలు, ప్రజాస్వామ్యం, శాంతి, ప్రగతి, న్యాయం, సమానత్వం. ఆస్ట్రేలియా నక్షత్రానికి ఏడు కోణాలు, ఆరు రాష్ట్రాలకి ఆరు, మిగతా ప్రాంతాలన్నిటికీ కలిపి ఒకటి. బ్రెజిల్ వాళ్ళది గుర్తు కాదు, నిజంగా ఆకాశంలో కనపడే గుంపు, దక్షిణ దిక్కున శిలువలా ఉంటుంది. అమెరికా అర డాలరు మీద గద్ద చుట్టూ యాభై, రాష్ట్రానికొకటి.

ఆమె అన్నీ విన్నది. చాలా శ్రద్ధగా, శాంపిల్ కాఫీ నాలుక మీద పెట్టుకుని ఆలోచించేటప్పుడు పెట్టే ముఖంతో విన్నది. నేను ఇంకా చెప్పేవాణ్ణే గాని ఆమె చెయ్యి డబ్బా మూలకి వెళ్ళింది.

"ఇదేటి?"

అది ఘనా దేశపు పాత నాణెం. ఒకవైపు ఆ దేశపు తొలి నాయకుడి ముఖం. రెండో వైపు ఒకే ఒక్క నక్షత్రం, దాదాపు బిళ్ళంతా అదే. పరాయి పాలన పోయిన కొత్తలో, ఆఫ్రికా స్వేచ్ఛకి గుర్తుగా వేసుకున్నారు. డబ్బా మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైనది.

ఆమె దాన్ని గొంతు కింద ఆనించుకుని కిటికీ అద్దంలో చూసుకుంది. అప్పుడు అర్థమైంది నాకు. వాళ్ళ అమ్మమ్మ మెడలో రూపాయి బిళ్ళల దండ ఉంటుంది. పాత బిళ్ళలకి పైన చిన్న చెవులు అతికించి, తాడుకి గుచ్చిన దండ. సరిగ్గా నడుమ వచ్చే బిళ్ళ మిగతా వాటికంటే పెద్దది, కిరీటం పెట్టుకున్న రాజు తల ఉంటుంది దాని మీద. వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు ఒకరినొకరు చూడగానే ముందు చూసుకునేది ఆ నడిమి బిళ్ళనే. ఎవరు తెచ్చారు, ఎక్కడిది అని అడుగుతారు. ఆమె తన దండ తనే కూర్చుకుంటోంది. బిళ్ళలన్నీ అయ్యాయి, నడిమిది ఒక్కటే మిగిలింది.

"రాజు తల నాకెందుకు సార్? నాను చుక్క ఏసుకుంటాను. పండగలో ఆట ఉంది కద, ఆ వేళకి కావాల." బిళ్ళ నా వైపు చాపి, "ఇది ఇత్తారా?" అంది.

నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "దీనికి జత లేదు."

నాణేలు పోగుచేసేవాళ్ళ మాట అది. రెండోది ఉంటేనే ఒకటి ఇస్తాం. దానికి చెవి అతికించడమంటే నిప్పు పెట్టడమే, ఆ తరవాత అది సేకరణకి పనికిరాదు.

ఆమె కాసేపు నా ముఖం చూసింది. "జత లేకపోతే ఏటి సార్? మెడ ఒకటే కద."

నేను నవ్వాను. ఆమె బిళ్ళని తీసిన అరలోనే పెట్టేసింది.

మర్నాడు ఆ లోటు పూడ్చాలని ఒక రూపాయి పట్టుకెళ్ళాను. మామూలు రూపాయే. కాని ముద్రించిన సంవత్సరం కింద చుక్కంత నక్షత్రం ఉంటుంది, హైదరాబాదు టంకశాలలో తయారైన వాటికి అది గుర్తు. బొంబాయి వాటికి వజ్రం ఆకారం, నోయిడా వాటికి గుండ్రటి చుక్క, కలకత్తా వాటికి ఏమీ ఉండదు. నా లెక్కలో అది అన్ని విధాలా సరైన ఎంపిక. లోహం ఒకటే, వ్యాసం మిగతా బిళ్ళలతో సరిపోతుంది, పైగా మన తెలుగు నేల మీద పుట్టిన నక్షత్రం. భూతద్దంతో సహా అందించాను.

ఆమె భూతద్దంలోంచి చాలాసేపు చూసింది. తరవాత గింజలు ఏరే ఆడవాళ్ళని పిలిచి వాళ్ళకీ చూపించింది.

"బాగుంది సార్. దండ సూసినోళ్ళందరికీ ఈ అద్దం కూడా ఇవ్వాలేటి?"

ఏరే ఆడవాళ్ళలో పెద్దావిడ నవ్వు ఆపుకోలేక చేట కింద పెట్టేసింది. వారం రోజులు షెడ్డులో ఎవరికి ఏది కనపడకపోయినా "సార్‌ని అద్దం అడుగు" అనేవారు.

చైత్రంలో ఇటుకల పండగ మొదలైంది. మగవాళ్ళు అడవికి వేటకి వెళ్తే ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురుబొంగు పట్టుకుని బండ్లు ఆపుతారు. చిల్లర ఇచ్చినవాళ్ళని పాటతో పంపిస్తారు, ఇవ్వనివాళ్ళని మాటలతో పంపిస్తారు. ఆ ఉదయం నా బైకు ఆ బొంగు దగ్గర ఆగేసరికి ముందు అతని జీపు ఉంది. వెనక సీట్లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నడివయసు దంపతులు. బొంగుకి ఒక కొస ఆమె పట్టుకుని ఉంది.

"నా బండి ఆపుతావేటే గుంటా? నాను మీ ఇంటోణ్ణి."

"ఇంటోడైతే రెండింతలు. అందరూ ఏటకి పోతే నువ్వు బండి తోలతన్నావు, సిగ్గు లేదేటి బావా? దిగు. దిగి ఆడు, అప్పుడు కదుల్తాది బండి."

అతను దిగాడు. సిగ్గు లేకుండా దిగి, స్టీరింగు తిప్పుతున్నట్టు చేతులాడిస్తూ నాలుగు చిందులేశాడు. రోడ్డు మీద ఉన్నవాళ్ళంతా అరిచారు, చూస్తున్న దంపతులు చప్పట్లు కొట్టారు. అతను వాళ్ళ దగ్గరికి వెళ్ళి, వచ్చిన నాలుగు ఇంగ్లిషు ముక్కలతో, ఆకాశం చూపించి, ఆమె మెడ చూపించి ఏదో చెప్పాడు. ఫ్రెంచావిడ పర్సులో వెతికి ఒక యూరో బిళ్ళ తీసి బొంగు మీదుగా ఆమె చేతిలోనే పెట్టింది.

తెల్లటి మధ్యభాగం, చుట్టూ బంగారు రంగు అంచు, ఆ అంచు మీద వరసగా పన్నెండు నక్షత్రాలు. నా డబ్బాలో అలాంటివి ఉన్నాయి. యూరప్ దేశానికొకటి చొప్పున, చీటీలతో సహా. అది ఆమెకి చూపించాలని నాకు తట్టలేదు, అంత మామూలు నాణెం అది.

"సార్! మీ బిళ్ళ కంటే చుక్కలెక్కువ!" నన్ను చూసి చెయ్యి పైకెత్తింది. "ఇన్నెందుకు బావా?"

అతను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "నెలకొకటి. ఏడాది పొడుగునా నీ మెళ్ళో ఎలగాలని."

"అది కాదు," అన్నాను బైకు మీంచే. "నెలలకీ దానికీ సంబంధం లేదు. దేశాల లెక్క కూడా కాదు, దేశాలు పెరిగినా అవి పన్నెండే ఉంటాయి. పన్నెండు నిండుతనానికి గుర్తు. గుండ్రంగా పెట్టడం ఐక్యతకి."

అతను చాలా మంచిగా తలూపాడు. "అలాగా సార్! ఐకమత్యమా. మంచిదే కద. నెలలు కూడా ఒకదాని ఎనక ఒకటి కలిసే పోతాయి, దెబ్బలాడుకోవు."

బొంగు పట్టుకున్నవాళ్ళంతా నవ్వారు, ఆమెతో సహా. నా దగ్గర నిజం ఉంది, అతని దగ్గర నవ్వు ఉంది. ఆ రోజు రోడ్డు మీద దేనికి ఎక్కువ విలువో నాకు తెలిసిపోయింది. అతను అబద్ధం చెప్పాడని కూడా అనలేను. ఆమె కోసం ఒక అర్థం తయారుచేశాడు. నాకు ఆ పని చేతకాదు.

షెడ్డుకి వెళ్ళాక వేయింపు గది తలుపు దగ్గర నిలబడ్డాను. ఆమె బిళ్ళని రోస్టరు పక్కన పెట్టుకుని మురిసిపోతోంది. శుక్రవారం సంతలో వెండిపని చేసే ఆయనతో చెవి అతికించుకుంటానని చెప్పింది.

"అది ఒక ముక్క కాదు," అన్నాను. "రెండు. బయట ఇత్తడి జాతి రింగు, లోపల వేరే లోహం. నొక్కి బిగిస్తారు, అంతే. టంకానికి మంట పెడితే రింగు ఎక్కువ సాగుతుంది, లోపలిది తక్కువ సాగుతుంది. పట్టు వదిలేసి ఊడిపోద్ది."

"గింజ పగిలినట్టు సప్పుడొస్తాదా సార్?"

"రాదు. ఊరికే జారిపోద్ది."

ఆమె నమ్మలేదు. నేను ఇంకో మెట్టు దిగిపోయి, అసలు నాణేలు పాడుచేయడం నేరమని కూడా అన్నాను.

"అయితే మా అమ్మమ్మ మెళ్ళో ఉన్నదంతా నేరమేనా?" అంది కళ్ళు పెద్దవి చేసి. "పోలీసులొస్తే దండతోనే తీసుకుపోతారేటి సార్? మెడ మాకు ఒదిలీమనండి."

గింజలు ఏరే పెద్దావిడ గుమ్మంలోకి తొంగి చూసింది. "ఆ బిళ్ళ మీద సార్ కళ్ళు పడ్డాయే గుంటా. బేగి దిష్టి తీయించీ."

ఊడిపోతుందని నేను చెప్పింది నిజం. నేను కుళ్ళుకుంటున్నదీ నిజం. రెండూ ఒకే నోటి నుంచి వస్తే వినేవాళ్ళు రెండోదాన్నే వింటారు. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అదే వినేవాణ్ణి.

శుక్రవారం సంతకి వెళ్ళాను. చొక్కా జేబులో ఘనా బిళ్ళ ఉంది. ఈసారి జత గురించి ఆలోచించలేదు. ఆలోచించింది ఇంకొకటి: యూరో ఊడుతుంది, ఆమె ముఖం వాడిపోతుంది, అప్పుడు నేను ముందుకి వెళ్తాను. ఒకే లోహం, ఒకే ముక్క, ఎంత మంట పెట్టినా ఏమీ కాదు. నడిమి బిళ్ళ నాదవుతుంది. వాళ్ళ ఊళ్ళో ఎవరు అడిగినా, ఇది ఎవరు తెచ్చారు అంటే ఆమె నా గురించి చెప్పాలి. నాకు కావలసింది అంతే. అప్పటికి అది చాలా పెద్ద కోరిక.

అల్లం, పసుపు, ఎండుచేపల వరసలు దాటి చివర్న, నీలం టార్పాలిన్ కింద ఉంది వెండిపని దుకాణం. ఆమె పీట మీద కూర్చుంది, అతను వెనక నిలబడి చెరుకు ముక్క నములుతున్నాడు. నన్ను చూడగానే పక్కకి జరిగి చోటిచ్చాడు. అతను నా పట్ల ఒక్కసారి దురుసుగా ఉన్నా నాకు ఎంతో హాయిగా ఉండేది. ఎప్పుడూ ఉండలేదు.

"రండి సార్. మీ ఐకమత్యానికి నిప్పెడతన్నారు."

పనిచేసే ఆయన బిళ్ళని అటూ ఇటూ తిప్పి, "రెండు రంగులదానికి నానెప్పుడూ సెవి పెట్టలేదమ్మా, ఏటవుతాదో తెల్దు," అన్నాడు. ఆమె నా వైపు చూసింది, తరవాత అతని వైపు చూసింది. "పెట్టీ తాతా," అంది.

ఆయన అంచు మీద వెలిగారం రాసి, చిన్న చెవి ఆనించి, గ్యాసు మంట దగ్గరికి తెచ్చాడు. బంగారు రంగు ముందు నల్లబడింది, తరవాత ఎర్రబడింది. టంకం మెరిసి పారింది. ఊడు, ఊడు అని లోపల అనుకుంటున్నాను. బిగించింది ఏదైనా ఊడాలని నా జీవితంలో కోరుకోవడం అదొక్కసారే. ఆయన పటకారుతో ఎత్తి నీళ్ళ చిప్ప మీదికి తెచ్చేసరికి మధ్యలోని తెల్లటి ముక్క మెల్లగా జారి నీళ్ళలో పడింది. నేను చెప్పినట్టే, చప్పుడు లేకుండా.

అతను చెరుకు నమలడం ఆపేశాడు. అతని ముఖంలో నవ్వు లేకపోవడం నేను చూసింది అప్పుడే. ఆ కాసేపూ నాది. అది చాలా బాగుందని ఇక్కడ రాయకపోతే మిగతాదంతా రాయడం దండగ.

ఘనా బిళ్ళ బయటికి తీశాను. "ఇది పెట్టించుకో," అన్నాను. చెయ్యి చాపి అలాగే ఉన్నాను.

ఆమె నా చేతి వైపు చూడలేదు. నీళ్ళలో వేసిన రింగు తీసి, కొంగుతో తుడిచి, కంటికి ఆనించుకుంది. పన్నెండు నక్షత్రాల మధ్య ఆమె కన్ను. టార్పాలిన్ బయటికి, కొండల వైపు, అల్లం బస్తాల వైపు తిప్పి తిప్పి చూసింది. చివరికి అతని మీద ఆపింది.

"బావా! నీ మూతి సరిగ్గా సరిపోయిందే ఇందులో!"

అతను పళ్ళన్నీ బయటపెట్టాడు. చెవి ఆ రింగుకే అతుక్కుని ఉంది, గట్టిగా. వేడికి బంగారు రంగులో అక్కడక్కడా గులాబి చాయ వచ్చింది. మధ్యలో ఖాళీ. పనిచేసిన ఆయన కూడా "ఇదే బాగుందమ్మా," అన్నాడు. నిజానికి బాగుంది. బిళ్ళగా ఉన్నప్పటి కంటే వంద రెట్లు బాగుంది. నా లెక్క తప్పలేదు, లోహాలు నేను చెప్పినట్టే ప్రవర్తించాయి, ఆ లాభం మాత్రం అతనికి వెళ్ళింది.

అప్పుడు చూసింది ఆమె నా చేతి వైపు. ఘనా బిళ్ళ తీసుకుని ఒకసారి తిప్పి, మళ్ళీ నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"దీనికి జత లేదు కద సార్. నిప్పెడితే పాడైపోద్ది. దాసుకోండి."

వెక్కిరింత ఏమైనా ఉందేమోనని వెతికాను. లేదు. నిజంగానే నా నాణెం మీద జాలిపడింది. తరవాత చిప్పలో చెయ్యి పెట్టి తెల్లటి ముక్క తీసింది.

"మీరు సెప్పినట్టే ఊడింది. సార్‌కి అన్నీ తెలుసు బావా, నవ్వకు. ఇది మీకు సార్."

ఒకవైపు కొమ్మలు చాచిన చెట్టు బొమ్మ. రెండో వైపు సగం తెగిన అక్షరాలు. నక్షత్రం ఒక్కటి కూడా లేదు.

పండగ చివరి రోజు ఆటకి వెళ్ళకూడదనుకున్నాను, వెళ్ళాను. మధ్యాహ్నం ఎండలో మైదానంలో ఆడవాళ్ళు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు కలుపుకుని, బారుగా, పాము కదిలినట్టు థింసా ఆడుతున్నారు. అతను తుడుము వాయిస్తున్నాడు. దండల్లో అందరివీ రాజులూ సింహాలూ, ఆమె ఒక్కదానికే నడుమ ఖాళీ చక్రం. ముందుకి వంగినప్పుడల్లా అది ముందుకి ఊగి, లేచినప్పుడు గుండెల మీద పడేది. ఆ ఖాళీలోంచి ఆమె ఆకుపచ్చ చీర కనపడేది. ఒక గుడ్డ మీద, అంత చిన్న గుండ్రటి ముక్క మీద అసూయ పడవచ్చని అంతకు ముందు నాకు తెలియదు.

ఆట ఆగినప్పుడు విశాఖ నుంచి వచ్చిన ఒకావిడ ఆమె దగ్గరికి వెళ్ళి, ఆ చక్రాన్ని వేళ్ళతో పట్టుకుని, ఎక్కడిదని అడిగింది. "మా బావ తెచ్చేడు," అంది ఆమె, చెమట తుడుచుకుంటూ. ఇన్ని నక్షత్రాలెందుకని అడిగింది ఆవిడ.

"అది మాత్రం మా సార్‌ని అడగండి. అదుగో నిలబడ్డారు. ఆయనకి తెలుసు."

ఆవిడ నా దగ్గరికి వచ్చింది. చెప్పాను. పన్నెండు నిండుతనానికి, గుండ్రం ఐక్యతకి, నెలలకీ దేశాల సంఖ్యకీ సంబంధం లేదు. తుడుము భుజం మీంచి దించుతూ అతను వింటున్నాడు, నేర్చుకోవడానికన్నట్టు తలూపుతున్నాడు. ఆవిడ బాగుందంది. వెళ్ళబోతూ ఆగింది.

"మధ్యలో కూడా ఏదో ఉండుండాలి కదండీ, నాణెం అన్నాక. ఏముండేది?"

నా చెయ్యి ప్యాంటు జేబులో ఉంది. తెల్లటి ముక్క అంచు, వేడికి కాస్త గరుకైనది, బొటనవేలి కింద తగులుతోంది. చెట్టు వైపు ఏదో, అక్షరాల వైపు ఏదో తడిమితేనే తెలిసిపోతుంది నాకిప్పుడు. అతను నా సమాధానం కోసం చూస్తున్నాడు.

"ఏమీ లేదండీ," అన్నాను.